చక్రం తాత కోపం

ధ్రువాలకు నడిచినవాళ్ళ పేర్లు బడిపిల్లలు గడగడా ఒప్పజెబుతారు. ఆకాశం దాటినవాళ్ళ బొమ్మలు తపాలా బిళ్ళల మీదికెక్కాయి. మంచిదే, కాదనేవాడెవడు! కానీ ఆ మహానుభావులు తొడుక్కున్న చేతితొడుగుల్లో అంతకుముందు ఎవరి వేళ్ళు కొంకర్లు పోయాయి? వాళ్ళు కూర్చున్న కుర్చీలో వాళ్ళకంటే ముందు ఎవరి వెన్నుపూసలు కలుక్కుమన్నాయి? అడిగితే చెప్పేవాడు లేడు. అడగకపోయినా చెప్పే మనిషి మాత్రం ఒకడున్నాడు. సైకిళ్ళ దుకాణం పైన రెండు గదుల వాటాలో ఉంటాడు. వీధంతా ఆయన్ని చక్రం తాత అంటుంది.

ఆయన ఘనకార్యాలు వరసగా చెప్పుకోవాలి. మధ్యలో ఒకటి వదిలేస్తే ఆయన ఊరుకోడు.

ఊరిబడిలో చదువు అయిందనిపించుకుని పట్నం చేరేనాటికి ఆయనకు మీసాలు సరిగా మొలవలేదు. యాత్రికుల పరిశోధనశాల గేటు దగ్గర ‘దృఢకాయులు కావలెను’ అని బోర్డు కనిపిస్తే, మూటలు మోయడానికే అనుకుని లోపలికి నడిచాడు. అక్కడ మోయాల్సింది తన ఒంటి బరువేనని తర్వాత తెలిసింది. మొదట మంచుగదిలో పెట్టారు. ధ్రువయాత్రకు వెళ్ళబోయేవాళ్ళ కోట్లూ బూట్లూ తొడుగులూ ముందుగా ఈయనకు తొడిగి, ఆ గదిలో కూర్చోబెట్టి తలుపు మూసేవారు. వేళ్ళు కదలడం మానేస్తే గంట కొట్టమన్నారు. కదలని వేళ్ళతో గంట ఎలా కొట్టాలో చదువుకున్నవాడెవడూ చెప్పలేదు. ఈయన తలతో కొట్టాడు. ఎడమకాలి చిటికెనవేలు ఆ గదిలోనే పోయింది. “ధ్రువానికి నేను పోలేదు గానీ నా వేలు పోయింది” అని ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ మేజోడు విప్పి చూపిస్తాడు.

తర్వాత పరుపుగది. ఆకాశంలో బరువు తెలియకుండా నెలల తరబడి ఉంటే మనిషి ఎముక ఏమవుతుందో చూడాలన్నారు. తల కాస్త పల్లంగా ఉండే మంచం మీద పడుకోబెట్టి, తిండీ స్నానమూ సమస్తమూ అక్కడే కానిమ్మన్నారు. లేవడానికి వీల్లేదు. ఈ ఘనకార్యం మాత్రం ఆయన నోరు తెరవకముందే ఇల్లాలు అందుకుంటుంది: “మా ఆయన మంచం దిగకుండా చంద్రుడి దాకా వెళ్ళొచ్చాడమ్మా. పడుకున్నందుకు జీతమిచ్చారు! నేను ఇన్నేళ్ళు నిలబడి వండితే నాకెవరిచ్చారు?”

ఇక చక్రం. గుండ్రటి హాలు, నడుమ ఇనుపస్తంభం, దాన్నుంచి బారుగా చాచిన ఇనుపచెయ్యి, ఆ చేతి చివర ఒక మనిషి పట్టేంత గూడు. మనిషిని అందులో కట్టి గిరగిరా తిప్పుతారు. వేగం పెరిగేకొద్దీ ఒంటి బరువు రెండింతలూ మూడింతలూ అలా పెరుగుతూ పోతుంది. రెప్పలు కిందికి లాగుతాయి, బుగ్గలు చెవుల వైపు జారతాయి. రాకెట్టు ఎగిరేటప్పుడు యాత్రికుడు పడే పాటు అదే కనుక, అతనికంటే ముందు ఇంకెవరో పడి చూడాలి. ఆ ఇంకెవరో ఈయన.

గూట్లో కుడిచేతికి ఒక పిడి ఉంటుంది. సైకిల్ బ్రేకులా దాన్ని నొక్కిపట్టుకున్నంతసేపూ బయట పచ్చదీపం వెలుగుతుంది, చక్రం తిరుగుతుంది. చెయ్యి సడలితే చక్రం నెమ్మదించి ఆగిపోతుంది. మనిషి స్పృహ తప్పితే చెయ్యి తనంతట తనే సడలుతుంది కదా, అదీ లెక్క. మంచి లెక్కే. కానీ అక్కడ కూర్చున్నవాళ్ళు పంతానికి పుట్టినవాళ్ళు. ఎవరు ఎంత బరువుకు ఓర్చుకున్నారో గోడమీద పలక పెట్టి రాసేవారు. ఒకడి అంకె మీద ఇంకొకడికి కన్ను. కళ్ళముందు మసక కమ్మినప్పుడు చెయ్యి ఊరికే సడలుతుందనీ, ఆ క్షణం గడిస్తే ఇంకా పైకి పోవచ్చుననీ వాళ్ళ నమ్మకం. అందుకని తొడుగు కింద వేళ్ళను పిడి వంపుకు సరిపోయేలా ముడిచి, గుడ్డపట్టీతో బిగించి కట్టుకునేవారు. దానికి కంకణమని పేరు పెట్టుకున్నారు. స్పృహ పోయినా పిడి వదలదు, దీపం ఆరదు, అంకె పెరుగుతుంది. డాక్టర్లకు తెలియదా అంటే, తెలుసు. మంచి అంకెలు వస్తుంటే ఎవరు మాత్రం కళ్ళు పెద్దవి చేసి చూస్తారు?

ఆ ముఠాలో అందరికంటే మొండివాణ్ణి పిడికిలి అనేవారు. చక్రం తాతకు ప్రాణస్నేహితుడు. ఒకనాడు పిడికిలి గూట్లో తల వాల్చేశాడు. దీపం మాత్రం పచ్చగా వెలుగుతూనే ఉంది, వాళ్ళు తిప్పుతూనే ఉన్నారు. దింపాక అతను కళ్ళు తెరవలేదు. మూడోనాడు పోయాడు. అప్పటి కుర్ర డాక్టరు కాగితం మీద ‘గుండె బలహీనత’ అని రాశాడు.

“బలహీనతా? మెట్లమీద నన్ను భుజాన వేసుకుని పరిగెత్తిన గుండెరా అది! చేతికున్న కట్టు సంగతి రాయవేం?” అని చక్రం తాత ఆ గదిలో బల్ల బోర్లించాడు. తోటివాళ్ళే ఆయన రెక్కలు పట్టుకుని బయటికి లాక్కొచ్చారు. కట్టు సంగతి రాస్తే అందరి పొట్టా కొట్టినట్టేనన్నారు. ఆ రోజు తర్వాత ఆయన చక్రం ఎక్కలేదు. మిగిలిన ఉద్యోగమంతా పరుపుగదిలో, కొత్తగా పడుకునేవాళ్ళకు పడుకోవడం నేర్పుతూ వెళ్ళదీశాడు. కోపం మాత్రం ఒంట్లో ఎముకలా ఉండిపోయింది.

చిత్రమేమిటంటే ఇంట్లో ఆయన కంకణం కథ చెప్పేవాడు, పిడికిలి కథ చెప్పేవాడు కాదు. అన్నం దగ్గర పిల్లలు భయపడతారని దాన్ని మింగేసి, తన అంకె దగ్గర కథ ఆపేసేవాడు. నోరు తెరుచుకుని వినే పిల్లల్లో కూతురి కూతురు ఒకతె. కథ అయిపోయాక కూడా ఆ పిల్ల నోరు మూసేది కాదు. “మళ్ళీ చెప్పు తాతయ్యా” అనేది.

ఆ పిల్ల పెరిగింది. విమానాలు నడిపింది. చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర మనుషుల్ని దింపాలని మొదలుపెట్టిన యాత్రకు వేలమంది పోటీపడితే, చివరికి ఒక్క కుర్చీకి ఇద్దరు మిగిలారు. ఒకరు మనవరాలు. రెండోవాడు ఒక పైలట్, మనిషి తాటిచెట్టంత ఉంటాడని అందరూ పొడుగు అంటారు. మిగిలింది చక్రం పరీక్ష ఒక్కటే.

పరీక్షకు చక్రం తాతను కూడా పిలిచారు. తాత తిరిగిన చక్రంలో మనవరాలు తిరుగుతోందంటే పత్రికలవాళ్ళు లొట్టలేస్తారు కదా. పొద్దున్నే ఆయన కోటు ఇస్త్రీ చేయించుకుని అద్దం ముందు నిలబడ్డాడు.

“కళ్ళు మసకేస్తే వదిలెయ్యమ్మా. పట్టుకు వేలాడకు” అన్నాడు.

“నువ్వు వదిలావా?” అంది మనవరాలు, బూటు లేసు కట్టుకుంటూ.

“నేనా?” తాత మీసం లేచింది. “నా అంకె పలకమీంచి తుడవడానికి వాళ్ళకు ఏడేళ్ళు పట్టింది!”

“మరింకేం” అని నవ్వేసింది పిల్ల.

“ఆ నోటికి తాళం వేసేవాడు లేడు” అని వంటింట్లోంచి ఇల్లాలు సణిగింది.

పరిశోధనశాల వాకిట్లోనే ఆయనకు మొదటి కోపం వచ్చింది. గోడ పొడుగునా ధ్రువవీరులూ ఆకాశవీరులూ నిలువెత్తు పటాల్లో ఉన్నారు. అందరికిందా, చీపురు తగిలేంత కిందుగా, అరచేతంత రేకు: ‘సహకరించిన ఇతరులకు కృతజ్ఞతలు.’

“ఎవరయ్యా ఈ ఇతరులు?”

ఎదురొచ్చిన పెద్ద డాక్టరు నవ్వాడు. ఒకప్పుడు ‘గుండె బలహీనత’ రాసిన కుర్ర డాక్టరే ఇప్పుడు పెద్ద డాక్టరు. జుట్టు నెరిసింది గానీ నవ్వు మారలేదు. “మీరేనండీ. మీలాంటివాళ్ళు లేకపోతే మేమెక్కడ?”

“ఇక్కడే ఉండేవారు. రేకు ఖర్చు కలిసొచ్చేది” అన్నాడు చక్రం తాత.

అద్దాల గదిలో కూర్చోబెట్టారు. అద్దం అవతల చక్రం. ఇవతల బల్లనిండా తెరలు, వాటి ముందు ఆపరేటరు. పక్కన పొడవాటి ఎర్రమీట. దాన్ని లాగితే పిడితో పనిలేకుండా చక్రం ఆగుతుంది, కానీ పెద్ద డాక్టరు నోటిమాట లేకుండా ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు.

“బాబాయ్, మీ కాలంలో ఇన్ని తెరలు లేవు కదూ?” అన్నాడు ఆపరేటరు మర్యాదకు.

“తెరలు లేవు. ఆ కిటికీకి ముక్కు ఆనించి చూసేవాళ్ళం. నువ్వు నీ పని చూసుకో నాయనా.”

చక్రం కదిలింది. తెరమీద మనవరాలి ముఖం. మొదట్లో కన్ను కొట్టింది కూడా. వేగం పెంచారు. బుగ్గలు జారాయి, పెదవులు పళ్ళమీదినుంచి లాగినట్టయ్యాయి. తాత ముఖం వైపు చూడటం మానేసి చేతివైపు చూశాడు. పిడి పట్టుకున్న చెయ్యి ఊరికే ఉండదు. బరువు మీద పడుతున్నకొద్దీ వేళ్ళు సర్దుకుంటాయి, జారతాయి, మళ్ళీ బిగుస్తాయి. ఆ చెయ్యి మాత్రం మేకు కొట్టి బిగించినట్టుంది. ఒక్క వేలూ మెదలలేదు. అంతలో పిల్ల తల పక్కకు వాలింది. దీపం పచ్చగా వెలుగుతూనే ఉంది.

“ఆపండి” అన్నాడు తాత.

“దీపం వెలుగుతోందండీ. పిల్ల గట్టిది, మీ రక్తం” అన్నాడు పెద్ద డాక్టరు అంకెల మీంచి చూపు తిప్పకుండా.

“నా రక్తం కాబట్టే చెబుతున్నా. చేతికి కంకణం కట్టింది. దానికి స్పృహ లేదు. ఆపించు!”

కంకణమంటే ఏమిటని పెద్ద డాక్టరు అడగలేదు. “ఇంకొంచెం. పాత అంకె దాటేస్తుంది” అన్నాడంతే.

ఆ ‘ఇంకొంచెం’ అన్న మాట తాత నెత్తిన పిడుగులా పడింది. కుర్చీ వెనక్కి పడిపోయింది. ఆపరేటరు భుజం మీద చెయ్యి వేసి ఒక్క తోపు తోశాడు. “లేరా అవతలికి!” అని రెండు చేతులా ఎర్రమీట లాగేశాడు.

చక్రం మూలుగుతూ నెమ్మదించింది. గూడు తలుపు తీసేసరికి పిల్ల ముక్కులోంచి రక్తం. నర్సు బుగ్గలు తట్టగా తట్టగా కళ్ళు తెరిచింది. తొడుగు లాగి చూస్తే, వేళ్ళు నల్లబడేలా బిగించిన గుడ్డపట్టీ.

పక్కగదిలో పిల్లను పడుకోబెట్టాక పెద్ద డాక్టరు తలుపు దగ్గరికి వేశాడు. నవ్వు మళ్ళీ ముఖాన అతికించుకున్నాడు.

“చూడండి పెద్దాయనా. ఆ పట్టీ చూసింది మనమే. ఆపరేటరూ నర్సూ నా మాట జవదాటరు. యంత్రంలో లోపం వల్ల ఆగిందని రాస్తాను. వారం ఆగి మళ్ళీ కూర్చోబెడదాం. కుర్చీ అమ్మాయిదే. మీరు నోరు జారారనుకోండి, నిబంధన నిబంధనే. కట్టు కట్టినవాళ్ళకు యాత్ర ఉండదు. ఆలోచించుకోండి.”

“అప్పుడు గుండె మీద వేశావు, ఇప్పుడు యంత్రం మీద వేస్తావు. నీ కలానికి ఎప్పుడూ ఎవరో ఒకరు దొరుకుతారు!”

“తాతయ్యా” అంది మనవరాలు. గొంతు పీలగా ఉంది. “అరవకు. ఒక్కసారి, ఒక్క రోజు, నోరు మూసుకో. నా కోసం.”

“కట్టు కట్టమని నీకెవరు చెప్పారే?”

“నువ్వే! అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా నువ్వే. కళ్ళు చీకట్లు కమ్మినా చెయ్యి వదల్లేదని మీసం తిప్పింది ఎవరు? నువ్వు కడితే ఘనకార్యం, నేను కడితే తప్పా?”

“పిడికిలి చచ్చిపోయాడే, ఆ కట్టుతోనే!”

“పిడికిలి ఎవరు?”

అన్నేళ్ళ అన్నాల దగ్గర తాత ఆ పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఇప్పుడు ఎవరిని తిట్టాలో తెలియక గోడను గుద్దాడు. గోడ మీది గడియారం పక్కకు ఒరిగింది.

పిల్ల మోచేతి మీద లేచింది. “నేనొక్కదాన్నేనా? పొడుగు కూడా కట్టుకున్నాడు. మధ్యాహ్నం వాడి వంతు. ఇక్కడ అందరూ కడతారు తాతయ్యా, అందరికీ తెలుసు. కట్టకుండా కూర్చుంటే ఓడిపోవడానికే కూర్చున్నట్టు. నా పదేళ్ళ కష్టం ఇది. వారం ఓపిక పట్టు. నువ్వు తొడుక్కున్న తొడుగులు వేసుకుని ఎవరెవరో వెళ్ళారు. ఈసారి నీ మనవరాలు వెళ్తుంది. అది చాలదా నీకు?”

చాలు. ఎందుకు చాలదు? పరుపుగది కప్పును నెలల తరబడి చూస్తూ ఆయన కన్న కల కూడా అదే. తన ఇంటి మనిషి ఒకరు నిజంగా వెళ్ళాలి. ఆ పటాల వరసలో, చీపురు అందనంత ఎత్తున, తన పిల్ల ముఖం ఉండాలి. దానికి చేయాల్సిందల్లా ఊరుకోవడం. ఊరుకుంటే వారం తర్వాత ఈ పిల్లే ఇంకాస్త బిగించి కట్టుకుని అదే గూట్లో కూర్చుంటుంది. మధ్యాహ్నం పొడుగు కూర్చుంటాడు. దీపం పచ్చగా వెలుగుతుంది. బల్ల ముందు ఎవడో ఇంకొంచెం అంటాడు.

ఆయన తలుపు తీసుకుని బయటికి నడిచాడు. “తాతయ్యా!” అని వెనకనుంచి వినబడింది. ఆగలేదు.

బయటి హాల్లో పత్రికలవాళ్ళు ఎదురుచూస్తున్నారు. ఆయన వెనకాలే వచ్చిన పెద్ద డాక్టరు చటుక్కున మైకు అందుకుని, యంత్రంలో చిన్న లోపం వల్ల పరీక్ష వాయిదా పడిందని ప్రకటించాడు. పనిలో పనిగా, “మన తొలిరోజుల సేవకుల్లో ఒకరైన ఈ పెద్దాయన రెండు ముక్కలు మాట్లాడతారు” అన్నాడు. ఏం మాట్లాడాలో కళ్ళతోనే చెప్పాడు.

“సేవకుణ్ణి కాదు” అని మొదలుపెట్టాడు చక్రం తాత. “మంచుగదిలో మొదట కూర్చున్నది నేను. వేలు పోయింది. పరుపుగదిలో మొదట పడుకున్నది నేను. లేచాక పసిపిల్లాడిలా నడక నేర్చుకున్నా. ఆ చక్రంలో పేరున్న వీరులందరికంటే ముందు తిరిగింది మేము. నేను తిరిగా, పిడికిలనే నా నేస్తం తిరిగాడు. వాడు గుండె బలహీనతతో పోలేదు. చేతికి కట్టు కట్టుకుని పోయాడు. కట్టుందని తెలిసీ తిప్పినవాళ్ళు తిప్పారు. ఇవాళ నా మనవరాలు అదే కట్టు కట్టుకుంది. యంత్రంలో లోపం లేదు, నేను ఆపాను. స్పృహ లేని పిల్లని ఇంకొంచెం తిప్పమన్నాడు ఈ పెద్దమనిషి!”

మైకు మూగబోయింది. ఎవరో తీగ పీకారు. ఆయన గొంతు పెంచాడు. “తలుపు దగ్గర నిలబడ్డావే, పొడుగు బాబూ! నీ కుడి తొడుగు తీసి అందరికీ చూపించు!”

అందరూ అటు తిరిగారు. పొడుగు ముఖం కందగడ్డలా అయింది. చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. తొడుగు తీయలేదు. ఆ తీయకపోవడం చూసి పత్రికలవాళ్ళు ఒక్కసారిగా లేచారు.

సాయంత్రానికి చక్రం గదికి తాళం పడింది. విచారణ వేస్తారన్నారు. పెద్ద డాక్టరు కారెక్కి ఎటో వెళ్ళిపోయాడు. పొడుగు పేరు పక్కన పెట్టారు. మనవరాలి పేరు కొట్టేశారు. పిడికిలి కాగితం సంగతి ఎవరూ ఎత్తలేదు. అడిగితే, పాత విషయాలు విచారణ పరిధిలోకి రావన్నాడొక గుమాస్తా. “పరిధి ఎవడు గీశాడు?” అని తాత వాడి బల్లమీద గుద్ది వచ్చాడు.

మనవరాలిని రెండు రోజులు పరిశోధనశాలలోని ఆసుపత్రి వార్డులో ఉంచాలన్నారు. తాత తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు.

“రాకు” అంది ఆమె. కళ్ళు ఎర్రగా వాచిపోయి ఉన్నాయి. “నా కుర్చీ తన్నేశావు. నీ నేస్తం కోసం, నీ పాత పగ కోసం నన్ను బలిపెట్టావు. ఇక నాతో మాట్లాడకు.”

“పగేనే. కాదన్నానా? నీకంటే ముందునుంచీ ఉన్న పగ. కానీ ఆ మీట లాగింది పగతో కాదు.”

“లాగినందుకు అనడం లేదు! హాల్లో చెప్పినందుకు అంటున్నా! వారం ఆగుంటే వెళ్ళేదాన్ని!”

“వెళ్ళేదానివి. ఎక్కడికో దేవుడికి తెలుసు.”

ఆమె తలగడ తీసి విసిరింది. గురి తప్పి గ్లాసుకు తగిలింది, నీళ్ళు నేలపాలయ్యాయి. తాత వంగి తలగడ తీసి కుర్చీ మీద పెట్టి బయటికొచ్చాడు. వరండాలో బల్లమీద కూర్చుని చేతులు కట్టుకున్నాడు.

కొంతసేపటికి నర్సు వచ్చింది. “పెద్దాయనా, చూసేవాళ్ళ వేళ అయిపోయింది. లేవండి.”

“ఈ భవనంలో నన్ను నెలల తరబడి లేవనివ్వలేదమ్మా. ఇప్పుడు లేవమంటే లేస్తానా? వెళ్ళి మీ పెద్దలతో చెప్పుకో.”

“రేపు రండి. అమ్మాయి మిమ్మల్ని చూడనంటోంది కదా.”

“చూడొద్దు. నేను చూడ్డానికి రాలేదు. ఇక్కడ కూర్చోవడానికి వచ్చా.”

లోపలినుంచి మనవరాలి గొంతు ఖంగుమంది. “సిస్టర్! ఆయన్ని పంపించేయండి! ఆ దగ్గు వింటుంటే నాకు నిద్రపట్టదు!”

“నిద్రపోవే, ఎవరొద్దన్నారు!” అని తాత గోడవైపు తిరిగి అరిచాడు. “రేపు లేచి ఆ విచారణవాళ్ళ ముందు నా మీద ఎంత చాడీ చెప్పుకుంటావో చెప్పుకో. నీ నోటితో నువ్వే చెప్పుకో!”

“చెబుతాను! అన్నీ చెబుతాను! ఎవరెవరు కట్టారో, ఎవరెవరు చూశారో, అన్నీ!”

“చెప్పు!”

“చెబుతానన్నాగా! నువ్వేం నేర్పక్కర్లేదు!”

నర్సు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, వరండా దీపం వేసి తన గదిలోకి వెళ్ళిపోయింది. తాత కోటు విప్పి, మడిచి, తలకింద పెట్టుకుని ఆ బల్లమీదే వాలాడు. లోపల మంచం కిర్రుమంటూ ఉంది. ఆమెకూ నిద్ర రావడం లేదు. తాతకు దగ్గు వచ్చింది. ఆపుకోలేదు.